కౌంటరుకి అటా, ఇటా

అమలాపురం,
కార్తీక సోమవారం, రాత్రి.

చి॥ చిన్నాకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నీ సంగతి నువ్వే రాయాలి. నీ గొంతు విని మూడు వారాలైంది. మొన్న అమ్మ కోటిపల్లి రేవులో దీపాలు వదిలిన ఫోటో పంపితే, తిరుగు టపాలో ఒక బొటనవేలు పంపావు. బొటనవేలు చూసి మనిషికి ఒంట్లో ఎలా ఉందో చెప్పే విద్య నాకు రాదు. మీ మామ్మ ఉంటే చెప్పేదేమో.

అమ్మ సోమవారాలు ఉంటోంది. వద్దంటే వినదు. నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళు కూడా తాగదు, ఆనక తల తిరుగుతోందని నా మీద విసుక్కుంటుంది. పెరట్లో కొబ్బరిచెట్టు మొన్నటి గాలికి ఒరిగింది కానీ పడలేదు. మేడమీద ట్యాంకు మార్పించాను. మీ బెల్‌ఫాస్ట్‌లో నవంబరు వచ్చిందంటే నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుందని మావయ్య చెప్పేవాడు. అంత పెందరాళే చీకటి పడితే ఎవరికైనా నాలుగు దీపాలు వెలిగే చోటికి పోబుద్ధేస్తుంది, నాకు తెలుసు. మఫ్లరు కట్టుకుంటున్నావా?

ఇంకో సంగతి. పెద్ద విశేషమేం కాదు. కాంతం పిన్ని అల్లుడు ఏదో పనిమీద డబ్లిన్ నుంచి ఎంటర్‌ప్రైజ్ రైల్లో బెల్‌ఫాస్ట్ వచ్చాడట. స్టేషనులో దిగి నాలుగడుగులు వేస్తే యూరోపా హోటలు, దానికి ఎదురుగా క్రౌన్ బారు. అంత దూరం వచ్చి అది చూడకుండా పోతే ఎలా అని లోపలికి వెళ్తే, నువ్వు కనిపించావట. గురువారం సాయంత్రం నాలుగింటికి. ఫోటో కూడా తీశాడు, పలకరించకుండా. అతను తిరుగు రైల్లో డబ్లిన్ చేరడానికి రెండు గంటలు పట్టిందో లేదో, ఆ ఫోటో కాకినాడ వెళ్ళి, రాజోలు మీదుగా మన దేవుడి గదిలోకి వచ్చేసింది.

నేనేమీ అనడం లేదు. ముప్ఫై రెండేళ్ళు ఎక్సైజులో చేసినవాణ్ణి, గ్లాసు చూసి ఉలిక్కిపడే వయసు దాటిపోయింది. అమ్మకి మాత్రం సీతయ్య బాబాయి గుర్తొచ్చాడు. నాకు రాలేదు. లేదా వచ్చినా నేను పైకి అనలేదు.

ఫోటో ఒకసారి పంచనామా రాసినట్టు చూశాను. నల్ల చొక్కా. ఎడమ చేతిలో ఖాళీ గ్లాసులు రెండు. కుడి చేతిలో నిండు గ్లాసు ఒకటి, నల్లది, పైన తెల్ల నురుగు. భుజం మీద తెల్లగా ఏదో ఉంది, తువ్వాలో, దీపం వెలుతురో తేలలేదు. వెనక పెట్టెలాంటి గది తలుపు సగం తెరిచి ఉంది. నువ్వు కౌంటరుకి అటువైపు మనిషివా ఇటువైపు మనిషివా అన్నది ఆ ఫోటోలో రుజువు కాదు. ఆ నల్లది సున్నా శాతందా 4.2 శాతందా అన్నదీ ఫోటోలో తేలదు. గిన్నిస్ అనే ఆ నల్ల బీరు ఇప్పుడు మందు లేనిది కూడా వస్తోందిగా, రంగుకీ నురుగుకీ తేడా తెలియదు. శాంపిల్ తీసి, బట్టీ పట్టి, హైడ్రోమీటరు వేస్తే తప్ప నేనైనా చెప్పలేను.

సరే, అది అలా ఉంచు. చోటు మాత్రం మంచి చోటు, కాదనను. అక్కడ మావయ్య ఇంట్లో నేనున్న రెండు నెలల్లో మూడుసార్లు చూశాను. దానికి మొదట్లో రైల్వే టావెర్న్ అని పేరు, స్టేషను పక్కన పుట్టినదే మరి. 1885లో పాట్రిక్ ఫ్లానగన్ అనే యజమాని దానికి ఇప్పుడున్న రూపం తెచ్చాడు. అప్పట్లో ఊళ్ళో కొత్త చర్చిలు కట్టడానికి ఇటలీ పనివాళ్ళని రప్పించారు. పగలు చర్చి పని చేసినవాళ్ళని సాయంత్రాలు ఈయన బారు పనికి పెట్టుకున్నాడు. అందుకే ఆ కొయ్య చెక్కుడు, ఆ రంగు అద్దాలు, ఆ పెంకులు చూస్తే గర్భగుడి ముందు నిలబడ్డట్టు ఉంటుంది. ఎర్ర గ్రానైటు కౌంటరు, కింద కాళ్ళు పెట్టుకునే వెచ్చటి కమ్మీ, పైన గ్యాసు దీపాలు. 1978 నుంచి పాత కట్టడాలు కాపాడే నేషనల్ ట్రస్ట్ వాళ్ళది. గుమ్మంలో నేలమీద పొదిగిన కిరీటం ఉంటుంది చూడు, దానికో కథ చెబుతారు. ఫ్లానగన్ కాథలిక్కు, భార్య రాణిగారి పక్షం. క్రౌన్ అన్న పేరు ఆవిడ పట్టుబట్టి పెట్టించిందట. పేరు నీది, చోటు నాది అని ఈయన ఆ కిరీటాన్ని వచ్చేపోయే వాళ్ళంతా తొక్కేచోట వేయించాడట. నిజమో కాదో గానీ, మొగుడూపెళ్ళాల మధ్య అలాంటివి జరుగుతాయి.

ఆ పెట్టెలు పది. స్నగ్ అంటారు. నలుగురి కళ్ళ పడకుండా తాగదలుచుకున్న పెద్దమనుషుల కోసం విక్టోరియా కాలంలో కట్టినవి. లోపల అగ్గిపుల్ల గీసుకోవడానికి గోడకి లోహపు రేకులు ఇంకా ఉన్నాయి, 2007 నుంచి లోపల చుట్టా సిగరెట్టూ నిషేధమైనా సరే. మీట నొక్కితే కౌంటరు దగ్గర గంట మోగేది. మన పర్మిట్ రూములో ప్లాస్టిక్ కుర్చీలు, ఉడకబెట్టిన శనగలు చూసిన కళ్ళకి అది ఇంద్రభవనమే. కానీ ఒరేయ్, తలుపు ఎంత బాగా చెక్కినా తలుపు తలుపే. నలుగురి కళ్ళకి దాక్కుని తాగేవాడికి ఎన్ని గ్లాసులయ్యాయో చెప్పే నాలుగు కళ్ళు ఉండవు. పెట్టెలో కాదు, కౌంటరు దగ్గర నిలబడు. నిలబడేవాడికి కాళ్ళే చెబుతాయి ఇక చాలని.

ఒకవేళ నువ్వు అటువైపు ఉన్నావనుకుందాం. అనుకుందాం, అంతే. అలాగైతే ఆ నల్ల గ్లాసు నింపడం ఎలాగో నేర్పే ఉంటారు, అయినా చెబుతాను. గ్లాసు పొడిగా, చల్లగా ఉండాలి. కడిగే మెషీన్లోంచి అప్పుడే తీసిన వేడి గ్లాసులో పోశావా, నురుగు చెడుతుంది, ఒక్కోసారి గ్లాసే పుటుక్కుమంటుంది. గ్లాసుని 45 డిగ్రీలు వంచి, కుళాయి మూతి గ్లాసుకీ నురుగుకీ తగలకుండా ముప్పాతిక వరకు పట్టు. ఆపు. పీటమీద పెట్టి వదిలెయ్యి. అందరూ తొందరపడేది ఇక్కడే. ఆ బీరుని పీపాలోంచి తోసే గాలిలో బొగ్గుపులుసు గాలి ఒక్కటే కాదు, ఎక్కువ పాలు నైట్రోజన్. నైట్రోజన్ ద్రవంలో సరిగా కరగదు, కుళాయిలోని సన్న చిల్లుల పళ్ళెం దాటగానే పొడిలాంటి బుడగలై విడిపోతుంది. బుడగలు గ్లాసు మధ్యలోంచి పైకి పోతూ ద్రవాన్ని లాక్కుపోతాయి, ఆ ద్రవం అంచుల వెంట కిందికి దిగుతూ సన్న బుడగల్ని తనతో దించుతుంది. అందుకే బయటినుంచి చూస్తే నురుగు కిందికి జారుతున్నట్టు కనిపిస్తుంది. కాఫీ డికాషన్‌లో పాలు పోసిన రంగు మెల్లగా నలుపెక్కి, పైన తెల్లటి గీత కత్తితో కోసినట్టు నిలబడ్డాక, కుళాయి పిడిని ముందుకి లాగకుండా వెనక్కి తోసి, మిగతా పాతిక నింపు. నురుగు అంచుకి ఒక్క వెంట్రుకవాసి పైకి ఉబ్బి ఉండాలి, కారకూడదు. మొత్తం 119.5 సెకన్లని కంపెనీ వాళ్ళ లెక్క. ఆ అర సెకను ఎక్కడిదో వాళ్ళకే తెలియాలి.

నురుగులో కప్పకళ్ళంత బుడగలు కనిపిస్తే గ్లాసుకి జిడ్డుందని అర్థం. సబ్బు సరిగా పోకపోయినా, ఎవరి లిప్‌స్టిక్కో మిగిలినా అంతే. పుల్లటి వాసన వస్తే పైపులు వారం వారం కడగడం లేదన్నమాట. ఖాళీ గ్లాసులు ఏరేటప్పుడు లోపల వేళ్ళు పెట్టి నాలుగేసి పట్టుకోవద్దు, ఎంగిలి సంగతి అలా ఉంచి, పగిలితే నరం తెగుతుంది. సబ్బునీళ్ళ తొట్లో పగిలిన గ్లాసుంటే చెయ్యి పెట్టకు, ముందు నీళ్ళు వదిలెయ్యి.

ఇంకో మాట. అటువైపు పనైతే నీ స్టూడెంట్ వీసా మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలే, సోమవారం నుంచి ఆదివారం దాకా లెక్క. ఒక వారం 22 చేసి మరుసటి వారం 18 చేస్తే సరిపోతుందనుకోకు, సరిపోదు. గంటలు ఒక పుస్తకంలో రాసుకో. జీతం చీటీలు దాచుకో. పని చేస్తున్నావని తెలిస్తే అమ్మ ఏడుస్తుందని నువ్వు దాస్తున్నావేమో. ఏడుస్తుంది. ఒక పూట. పరువంటావా, కల్లుపాకల లైసెన్సులు తనిఖీ చేసిన ఇంట్లో పుట్టినవాడు గ్లాసులు కడిగితే పోయే పరువు మనకి లేదు.

ఇటువైపున్నావనుకో, అప్పుడు లెక్క చెప్పాలి. “బీరే కదా నాన్నా” అంటావు. పైంటు అంటే 568 మిల్లీలీటర్లు. 4.2 శాతం చొప్పున అందులో అసలు సారం 24 మిల్లీలీటర్లకి ఇసుమంత తక్కువ. మన దగ్గర 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు, 42.8 శాతంది, మా భాషలో 25 అండర్ ప్రూఫ్, అందులో 25.7. అంటే ఒక పైంటుకీ ఒక పెద్ద పెగ్గుకీ తేడా చెంచా అడుగు తడి. సీతయ్య బాబాయి కూడా బీరే కదా అన్న మాటతోనే మొదలుపెట్టాడు. అక్కడివాళ్ళు 10 మిల్లీలీటర్ల సారాన్ని ఒక యూనిట్ అంటారు. వారానికి 14 యూనిట్లు దాటొద్దని 2016లో వాళ్ళ ప్రభుత్వ వైద్యాధికారులే చెప్పారు, అదీ మూడు రోజులకి తక్కువ కాకుండా పంచుకుని. కాలేయం గంటకి సుమారు ఒక యూనిట్ చొప్పున దించుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా, మజ్జిగ తాగినా దాని నడక మారదు. అందుకే మర్నాడు పొద్దున్న స్నేహితుల కారెక్కేముందు కూడా రాత్రి లెక్క చూసుకోవాలి. పోలీసు లెక్క అక్కడ 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు, ఇక్కడ 30. అక్కడ ఎక్కువ వదిలారు కదా అని మురిసిపోకు.

పొట్టి గాజు గ్లాసులో, నల్లగా కింద, తెల్లగా పైన, బుల్లి గిన్నిస్‌లా ముద్దొచ్చేది ఒకటి ఇస్తారు. బేబీ గిన్నిస్ అంటారు. అందులో గిన్నిస్ చుక్క ఉండదు, కాఫీ లిక్కరు మీద మీగడ లిక్కరు. తియ్యగా ఉందని మంచినీళ్ళలా దిగుతుంది. విస్కీ అయితే మీ దగ్గర కొలత ఎక్కువగా 35 మిల్లీలీటర్లు, ఇంగ్లండులో మాదిరి 25 కాదు. సగం పైంటు అడిగితే ఎవరూ నవ్వరు. 284 మిల్లీలీటర్లు, చలికి అది చాలు.

రౌండు సంగతి మావయ్యని అడిగితే కథ మొత్తం చెబుతాడు, నేను కొంచెంలో చెబుతాను. ఆయన వెళ్ళిన మొదటి చలికాలం. శుక్రవారం డ్యూటీ దిగి ఆస్పత్రి వాళ్ళు ఐదుగురు, ఈయనతో ఆరుగురు, స్టేషను దగ్గరి బారుకి వెళ్ళారు. ఒకాయన లేచి ఎవరెవరికి ఏం కావాలో అడిగి ఆరు గ్లాసులు తెచ్చాడు. ఈయన, పాపం, ఇవాళ ఆయన ఇంట్లో ఏదో శుభకార్యం కాబోలు అనుకున్నాడు. గ్లాసులు సగమయ్యాయో లేదో ఇంకొకాయన లేచాడు, మళ్ళీ ఆరు. తర్వాత ఇంకొకరు. మావయ్య నెమ్మదిగా తాగే మనిషి, భోజనం కూడా గంట చేస్తాడు, నీకు తెలుసు. ఐదో ఆయన తెచ్చేసరికి ఈయన ముందు నిండు గ్లాసులు మూడు వరసగా నిలబడ్డాయి, వాయనాల్లా. లిస్‌బర్న్ రైలుకి టైమైంది. ఈయన లేచి, అందరికీ పేరుపేరునా దణ్ణం పెట్టి, మీ ఆతిథ్యం మరువలేను అని చెప్పి, రైలెక్కేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. సోమవారం కూడా ఏమీ అనలేదు. కానీ వచ్చే శుక్రవారం పిలవలేదు. ఆపై శుక్రవారమూ లేదు. తన ఒంటి రంగే కారణమనుకుని, ఉండలేను వచ్చేస్తానని మనకి నీలం కాగితం ఉత్తరం రాశాడు. అమ్మ ఆ కాగితం పట్టుకుని రెండు రోజులు అన్నం తినలేదు. చివరికి వార్డు తుడిచే ముసలావిడ, పని చేస్తూ చేస్తూ, “డాక్టరుగారూ, ఆరో రౌండు మీది” అందట. అంతే. ఐదుగురు తెచ్చాక ఆరోవాడు లేచి వెళ్ళిపోయాడు, అదీ నేరం. ఆ శుక్రవారం ఈయన పిలవకుండానే వెళ్ళి, కౌంటరు దగ్గర ఆరు చెప్పి, పళ్ళెంలో తెస్తూ ఒకటి తన చొక్కామీదే ఒలకబోసుకుని, బల్లమీద పెట్టాడట. వాళ్ళు అప్పుడూ ఏమీ అనలేదు. బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చారు.

ఆరుగురి రౌండంటే ఆరు పైంట్లు, 14 యూనిట్లు దాటుతుంది. వారం కోటా ఒక్క సాయంత్రానికే. అందుకని, కూర్చోక ముందే “నేను రౌండులో లేను” అని చెప్పి నీది నువ్వు కొనుక్కో, ఎవరూ తప్పు పట్టరు. లేదా మొదటి రౌండే నువ్వు తెచ్చెయ్యి, ఆనక ఎప్పుడు లేచినా బాకీ ఉండదు. నీ వంతుకి సోడా నిమ్మరసం చెప్పుకున్నా ఎవరూ చూడరు. నువ్వు తాగావా లేదా అన్నది వాళ్ళకి పట్టదు, లేచావా లేదా అన్నదే లెక్క. కౌంటరు దగ్గర చిటికెలు వెయ్యకు, నోటు ఊపకు. వరస కనిపించదు గానీ ఎవరు ముందొచ్చారో లోపలివాడికి తెలుసు. చెప్పేటప్పుడు నల్లది ముందు చెప్పు, అది తేరుకునేలోగా మిగతావి పోస్తాడు. చివర్లో చెప్పావంటే వెనక నిలబడ్డవాళ్ళందరూ నిన్నే చూస్తారు.

వయసు చూపించమంటే పాస్‌పోర్టు తీసుకుపోవద్దు. బారులో పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాడి గోడు ఆ దేవుడు కూడా వినడు. అక్కడి లెర్నర్ లైసెన్సు తీసుకో, అది చాలు. గ్లాసు వదిలి బాత్రూముకి వెళ్తే తిరిగొచ్చి ఆ గ్లాసు ముట్టుకోకు. గ్లాసు పట్టుకుని వీధిలోకి రాకు. ఫుట్‌బాల్ జట్టు చొక్కాలు వేసుకోకు, ఎవరు కాథలిక్కో ఎవరు కిరీటం పక్షమో మనకెందుకు, కిరీటం తొక్కినా తొక్కకపోయినా ఒక్క మాట మాట్లాడకు. ఖాళీ కడుపుతో వెళ్ళకు, వెళ్ళేముందు ఇంత పెరుగన్నం తిను. అక్కడ స్టౌట్, అంటే ఆ నల్ల బీరు, పోసి చేసే పై అనే వంటకంలో ఉండేది గొడ్డు మాంసం, అడక్కుండా తినకు. గిన్నిస్ తేర్చడానికి వెనకటికి చేప తిత్తి పొడి వేసేవాళ్ళు, కొన్నేళ్ళ కిందట మానేశారు. పీపాలోంచి చేత్తో లాగే ఏల్ అనే బీరులో ఇంకా వేస్తుంటారు. ఇది అమ్మకి చెప్పకు. ఆవిడ దిగులు ఇప్పటికే సారా దగ్గర ఉంది, దానికి చేపని కూడా కలపడం ఎందుకు.

ఎన్ని రాసినా చెయ్యి అక్కడికే వస్తోంది. నాలుగింటికి, గురువారం. గురువారం మధ్యాహ్నాలు నీకు ల్యాబ్ ఉంటుందని వెళ్ళిన కొత్తలో నువ్వే చెప్పావు. మారిందేమో.

రాంబాబు 20వ తారీఖున బయల్దేరుతున్నాడు. అతనితో కందిపొడి, ఉసిరికాయ తొక్కు, ఉన్ని మేజోళ్ళు నాలుగు జతలు పంపుతున్నాను. తొక్కు సీసాకి రెండు కవర్లు చుట్టాను, అయినా సూట్‌కేసులో నిలబెట్టి పెట్టమని చెప్పు.

శనివారం మీ మధ్యాహ్నం మూడింటికి, అంటే మనకి రాత్రి ఎనిమిదిన్నర, అమ్మ పురాణానికి గుడికి వెళ్తుంది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను. ఫోను చెయ్యి. అటా, ఇటా, ఒక్క ముక్క చెప్పు. మిగతాది నేను అడగను. అడిగినా నెమ్మదిగా అడుగుతాను.

ఆశీస్సులతో,
నాన్న

తా.క.: ఫోటో పెద్దది చేసి మళ్ళీ చూశాను. ఖాళీ గ్లాసులు పట్టుకున్న చేతికి, బొటనవేలికి ప్లాస్టరుంది. తడిసి ఊడిపోతోంది. ఏమైంది? టెటనస్ ఇంజెక్షను వేయించుకున్నావా?